పస్తు వేళ పనిచేసే జన్యువు

ప్రియమైన పిల్లలకు,

రాత్రి భోజనం చేసి పడుకున్న మీరు తెల్లవారేదాకా ఏమీ తినరు కదా, అన్ని గంటలూ గుండె ఆగకుండా కొట్టుకోవడానికి శక్తి ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? మొదట కాలేయంలో నిలవ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కరిగి రక్తానికి గ్లూకోజ్ అందిస్తుంది. అది తరిగేకొద్దీ శరీరం కొవ్వు వైపు మళ్లుతుంది. ఆ మళ్లింపుకు అవసరమైన, రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రోటీన్ అయిన ఒక ఎంజైమ్‌ను తయారుచేయించే ఏసీఏడీఎం అనే జన్యువు గురించి మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇది మన 1వ క్రోమోజోము పొట్టి భుజం మీద ఉంటుంది. దీని ఆదేశంతో 421 అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌కు ఇటుకల వంటివి) గొలుసు, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా బయట తయారవుతుంది. అందులో మొదటి 25 చిరునామా చీటీ వంటివి. లోపలికి చేరాక ఆ చీటీ తెగిపోతుంది, అలాంటి నాలుగు గొలుసులు కలిసి ఎంజైమ్ అవుతుంది. చేరవలసిన చోటును కూడా జన్యువే రాసి పంపడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

మైటోకాండ్రియాలో కొవ్వు ఆమ్లం, అంటే కొవ్వులో ఉండే కార్బన్ల గొలుసు, విడతకు రెండేసి కార్బన్ల చొప్పున విరుగుతుంది. ప్రతి విడతలోనూ మొదటి పని రెండు హైడ్రోజన్లను తీయడం. సుమారు 6 నుంచి 12 కార్బన్లున్న గొలుసుల దగ్గర ఆ పని మన ఎంజైమ్‌దే.

ఈ జన్యువులో బాగా తెలిసిన లోపం దాని డీఎన్ఏ రాతలో ఒకే ఒక్క అక్షరానిది. 985వ స్థానంలో ‘ఎ’ ఉండవలసిన చోట ‘జి’ ఉంటే, ధనావేశం గల లైసిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో రుణావేశం గల గ్లుటామిక్ ఆమ్లం చేరుతుంది, గొలుసు సరిగా మడత పడక త్వరగా నశిస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న ప్రతులే వచ్చిన బిడ్డకే జబ్బు వస్తుంది. ఆ బిడ్డ చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. కానీ జ్వరమో వాంతులో వచ్చి చాలాసేపు తినకపోతే గ్లూకోజ్ పడిపోతుంది, కొవ్వు నుంచి తయారై మెదడును ఆదుకోవలసిన ఇంధనాలైన కీటోన్లు చాలినన్ని తయారుకావు. మగత కమ్మి ప్రాణం మీదికి రావచ్చు. కారణం తెలియకుండానే పోయిన పసివాళ్లను తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు చాలా దేశాల్లో పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కల్లో, విరగకుండా మిగిలిన 8 కార్బన్ల గొలుసు, కొవ్వు ఆమ్లాలను మోసే కార్నిటిన్‌తో జతకట్టి పేరుకుందేమో చూసి ఈ లోపాన్ని పట్టుకుంటున్నారు. చికిత్సలో ముఖ్యమైనది బిడ్డను ఎక్కువసేపు పస్తు ఉంచకపోవడమే. జబ్బుపడి తినలేనప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో నరం ద్వారా గ్లూకోజ్ ఎక్కిస్తారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య