మైక్రోస్కోప్ దగ్గర నర్సు

ఫలదీకరణ చెందిన అండం సుమారు ముప్పై గంటలకు రెండు కణాలు, మూడో రోజుకి ఎనిమిది, నాలుగో రోజు మొరులా (కణాల ముద్ద), ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ (లోపల ద్రవం నిండిన కణాల బంతి), ఆ తర్వాత గర్భాశయం గోడకు అతుక్కోవడం. పరీక్ష ముందు రాత్రి నర్సింగ్ విద్యార్థులు బట్టీ పట్టే వరస ఇది. ఇది తేలడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

1677లో డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ శుక్రకణాలను చూశాడు. వాటి తలలో బుల్లి మనిషి ముడుచుకుని ఉంటాడని కొందరు బొమ్మలు కూడా గీశారు! క్షీరదాల అండం 1827లో గానీ దొరకలేదు. ఫాన్ బేర్ దాన్ని కుక్కలో చూశాడు. అండం, శుక్రకణాల కేంద్రకాలు కలవడాన్ని 1876లో హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ అనే ముళ్ల జీవిలో గమనించాడు. దాని గుడ్డు పారదర్శకం, పైగా ఫలదీకరణ నీళ్లలోనే జరుగుతుంది. మనిషిలో అదంతా ఫెలోపియన్ ట్యూబులో, కంటికి కనపడకుండా సాగుతుంది. చిక్కంతా అక్కడే.

బోస్టన్‌లో డాక్టర్ జాన్ రాక్ దగ్గర టెక్నీషియన్‌గా చేసిన మిరియం మెన్కిన్, ఆపరేషన్లలో తీసిన అండాశయాల నుంచి అండాలు ఏరి, శరీరం బయట ఫలదీకరణ కోసం ఏళ్ల తరబడి ప్రయత్నించింది. 1944లో ఒక రాత్రి పళ్లొస్తున్న పాప ఆమెను నిద్రపోనివ్వలేదు. ఆ అలసటలో అండం, శుక్రకణాలను ఎప్పటిలా అరగంట కాకుండా గంటసేపు కలిపి ఉంచేసింది. అండం విభజన చెందింది. శుక్రకణం స్త్రీ శరీరంలో కొంతసేపు గడిపాకే అండంలోకి చొరబడే శక్తి పొందుతుందని 1951లో చాంగ్, ఆస్టిన్ విడివిడిగా కనిపెట్టారు. పాఠాల్లో వచ్చే కెపాసిటేషన్ అదే.

1968లో కేంబ్రిడ్జిలో రాబర్ట్ ఎడ్వర్డ్స్ ల్యాబులో జీన్ పర్డీ అనే నర్సు చేరింది. సర్జన్ పాట్రిక్ స్టెప్టో లాప్రోస్కోప్‌తో (చిన్న గాటు గుండా పొట్టలోకి పంపి చూసే గొట్టం) అండాలు తీసేవాడు. వాటిని పెంచే పనిలో ఆమె చేయి ఎక్కువ. 1977 నవంబరులో, పిల్లల కోసం వాళ్ల దగ్గరికి వచ్చిన లెస్లీ బ్రౌన్ అండం విభజన చెందడం మొదట చూసింది పర్డీయే. ఎనిమిది కణాల పిండాన్ని గర్భాశయంలో ఉంచారు. 1978 జూలై 25న ఓల్డ్‌హామ్‌లో ఆమెకు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ పుట్టింది. 70 రోజులకు, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ ప్రయత్నంతో ఇలాగే దుర్గ అనే పాప పుట్టింది. ఆయన మాట నమ్మినవారు తక్కువ.

పర్డీ 39 ఏళ్లకే, 1985లో పోయింది. ఎడ్వర్డ్స్ లేఖలు రాసి అడిగినా, ఓల్డ్‌హామ్ ఆసుపత్రి ఫలకం మీద ఆమె పేరు చెక్కలేదు. ముగ్గురి పేర్లూ ఉన్న ఫలకం 2015లో వచ్చింది.