గంజాం తీరంలో చేప అమ్మే హక్కు ఎవరిది?

ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ వైపు కొన్ని మత్స్యకార కుటుంబాలు ఇప్పుడు ఫోన్లోనే ఆర్డర్లు తీసుకుని బరంపురంలో ఇళ్ళకు చేపలు తెచ్చి ఇస్తున్నాయి. మా తెప్ప, మా వల, మా చేప అన్నది వాళ్ళ మాట. చెరువు చేప కాదు, సముద్రంలో పట్టినది. ఏ రోజుది ఆ రోజే. మధ్యలో దళారి లేడు. చదువుకున్న కొడుకు మెసేజ్ పెడతాడు, తల్లి చేప కోసి శుభ్రం చేస్తుంది, తండ్రి తెల్లవారుజామున వేటకు వెళ్తాడు. ఇదేదో కొత్త తరహా వ్యాపారమని పట్నం జనం మెచ్చుకుంటున్నారు. నిజానికి ఈ తీరంలో చేప ఎప్పుడూ పట్టినవాళ్ళ ఇంటి గడప నుంచే తినేవాళ్ళ గడపకు వెళ్ళేది. మధ్యలో అది ఎలా చేయి దాటిపోయింది, ఎవరి చేతికి చేరింది అన్నది తెలిస్తే, ఈ కుటుంబాలు చేస్తున్న పని ఎంత కష్టమో అర్థమవుతుంది.

గంజాం జిల్లా తీరం పొడవునా వేట చేసేది ఎక్కువగా తెలుగువాళ్ళే. వాడబలిజలు, జాలర్లు. ఒడియావాళ్ళు వీళ్ళను నోలియాలంటారు. రామయ్యపట్నం, సోనాపూర్, గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, ఇంకా పైకి పోతే పూరీలో పెంటకోట దాకా ఇళ్ళలో తెలుగే వినిపిస్తుంది. బజారులో ఒడియా మాట్లాడతారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ రోజు బరంపురం, ఛత్రపురం ఒరిస్సాలోకి వెళ్ళాయి, ఇచ్ఛాపురం మద్రాసులోనే ఉండిపోయింది. ఒడిశా వైపు సోనాపూర్‌లో పిల్లనిచ్చి ఆంధ్ర వైపు డొంకూరులో పిల్లను తెచ్చుకునే కుటుంబాలకు ఆ గీత పెళ్ళిళ్ళలో అడ్డు రాలేదు. సర్కారు కాగితాల్లో మాత్రం ఇప్పటికీ అడ్డొస్తూనే ఉంది.

పాత పద్ధతిలో మగవాళ్ళ పని ఇసుక దగ్గర ఆగిపోయేది. తేలిక దుంగలను తాళ్ళతో బిగించి కట్టిన తెప్ప, నూలు వల, తెడ్డు, గాలి ఉంటే తెరచాప. ఇంతే సరంజామా. ఒడ్డుకు రాగానే దుంగలు విప్పి ఆరబెట్టేవాళ్ళు. చేప ఇసుక మీద పడిన క్షణం నుంచి అది ఆడవాళ్ళది. తెప్పకు ఒక వాటా, వలకు ఒక వాటా, మనుషులకు తలా ఒక వాటా తీశాక ఎవరి వాటా వాళ్ళ ఇంటి ఆడమనిషి గంపలోకి వెళ్ళేది. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగేది. ఎవరింట్లో ఏ చేప తింటారో, ఎవరు అప్పు పెడతారో, ఎవరు పంట ఇంటికొచ్చాక బియ్యం ఇస్తారో ఆమెకు తెలుసు. అమ్మిన డబ్బు ఆమె కొంగుముడిలోనే ఉండేది. మగవాడు పట్టుకొచ్చేవాడే తప్ప ధర చెప్పేవాడు కాదు.

మిగిలిన చేప ఎండబెట్టేవాళ్ళు. నెత్తళ్ళు, కవళ్ళు వంటి చిన్న చేపలు ఇసుక మీదే ఎండిపోతాయి. పెద్ద చేపకు ఉప్పు కావాలి. బ్రిటిష్ కాలంలో ఉప్పు మీద పన్ను బరువు ఎంతుండేదంటే, చేప కంటే ఉప్పే ఖరీదనిపించేది. దాంతో ప్రభుత్వమే 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ తీరమంతా చేపలు ఉప్పు పెట్టే యార్డులు తెరిచింది. చేప అక్కడికే తీసుకెళ్ళి, ఉప్పు శాఖ మనిషి కళ్ళ ముందే ఉప్పు పట్టిస్తే చవకగా ఉప్పు ఇచ్చేవాళ్ళు. ఇంటి వాకిట్లో జరిగే పని సర్కారు కంచె లోపలికి పోవడం అదే మొదలు. అయినా సరుకు అమ్ముకునే హక్కు ఇంకా ఇంటిదే.

ఆ హక్కును మార్చింది నైలాన్, ఐసు, రొయ్య. మూడూ దాదాపు ఒకే తరంలో వచ్చాయి. నూలు వల ఇంట్లో అల్లుకునేది, చింతగింజల కషాయంలో ముంచి గట్టిపరచుకునేది. నైలాన్ వల కొనాలి. ఆ తర్వాత రొయ్యల కోసం డిస్కో వలలు వచ్చాయి. మూడు పొరల వల అది, తొందరగా చిరిగిపోతుంది, మళ్ళీ కొనాలి. ఆ తర్వాత ఇంజను, ఫైబర్ తెప్ప, డీజిలు. ప్రతి మెట్టులోనూ చేతిలో డబ్బు కావాలి. మత్స్యకారుడికి పొలం లేదు, పట్టా లేదు, కాబట్టి బ్యాంకు తలుపు తీయలేదు. సావుకారు తీశాడు. విదేశాలకు రొయ్య పంపే కంపెనీలకు సరుకు కావాలి, ఆ సరుకు పట్టేవాడికి పెట్టుబడి కావాలి. ఇద్దరి మధ్యా సావుకారు నిలబడ్డాడు.

ఇప్పటికీ ఒడ్డున చూస్తే ఈ లెక్క కనబడుతుంది. అప్పు లేని తెప్ప ఒడ్డెక్కితే వల దులిపి చేపను కుప్పలు పోస్తారు, చుట్టూ జనం మూగుతారు, వేలం పాట మొదలవుతుంది. బేరగత్తెలు వంగి మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉందా, నలుపు తిరిగిందా చూసుకుని ధర పెంచుతారు, లేదా చేయి విదిల్చి పక్క కుప్పకు వెళ్తారు. అప్పున్న తెప్పకు పాట ఉండదు. సావుకారు మనిషి నేరుగా వచ్చి వంజరం, చందువ, పెద్ద రొయ్య ఏరుకుని థర్మాకోల్ పెట్టెలో పేరుస్తాడు, పైన ఐసు ముక్కలు కొట్టి పోస్తాడు, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోతాడు. ధర ఆయన చెప్పిందే. అందులోంచి కమిషన్ విరుగుతుంది. వడ్డీ లేని అప్పు అని పేరు, కానీ కిలో మీద తగ్గించిన ధరే వడ్డీ. అసలు అలాగే ఉంటుంది. దాన్ని పూర్తిగా తీర్చెయ్యమని సావుకారు ఒత్తిడి చేయడు కూడా, ఎందుకంటే అప్పు తీరిన రోజు ఆ తెప్ప చేప మీద ఆయనకు పట్టు పోతుంది.

ఆడవాళ్ళకు మిగిలింది చిన్న చేప. మంచి చేప అమ్ముకోవాలంటే తన మొగుడు పట్టినదాన్నే పాటలో నిలబడి డబ్బిచ్చి కొనుక్కోవాలి. ఈ తీరం కథలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే. ఎవరు పెట్టుబడి పెడితే చేప వాళ్ళది. ఇంటింటికీ తిరిగి బేరాలు నిలబెట్టుకున్న మనిషి తన సరుకు మీదే హక్కు పోగొట్టుకుంది.

తుపాన్లు ఈ ముడిని మళ్ళీ మళ్ళీ బిగించాయి. 1999 అక్టోబరులో పారాదీప్ వైపు మహా తుపాను రావడానికి కొద్ది రోజుల ముందే గంజాం తీరాన్ని మరో తుపాను కొట్టింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఫైలిన్, తిత్లీ సమయంలో జనాన్ని ముందుగా తరలించి చాలామంది ప్రాణాలు కాపాడగలిగారు. తెప్పలు, వలలు అంతగా దక్కలేదు. పోయిన వల మళ్ళీ కొనాలంటే మళ్ళీ అదే సావుకారు గుమ్మం. అది కుదరనివాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కో, చెన్నైకో, కేరళకో కూలీలుగా వలస పోయారు.

ఇక చేపకే ఎసరు పెట్టింది ట్రాలర్లు, అంటే వల ఈడ్చుకుంటూ పోయే పెద్ద మరపడవలు. 1982లో ఒరిస్సా సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వచ్చింది. తీరం నుంచి 5 కిలోమీటర్ల లోపు సంప్రదాయ తెప్పలకే అని నిబంధన పెట్టారు. రాత్రిపూట ట్రాలర్ దీపాలు ఒడ్డుకు ఎంత దగ్గరగా వస్తాయో ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. ట్రాలర్ వల అడుగంతా ఊడ్చుకుపోతుంది. తెప్ప మీద వేసే వల కన్ను పరిమాణాన్ని బట్టి ఫలానా చేప కోసం వేసేది, గాలం అయితే ఒక్కో చేపకే. చేపల సంతతిని నిలబెట్టే వేట గురించి ఇప్పుడు పట్నాల్లో మాట్లాడుతున్నదంతా ఈ తెప్పల వేటకు దగ్గరగా ఉన్నదే.

అయితే ఈ తీరానికి తాబేళ్ళ లెక్క వేరే ఉంది. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెట్టే చోటు 1994లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. 2023లో 6 లక్షలకు పైగా వచ్చాయి. పురుణబంధ, పొదంపేట వంటి ఊళ్ళ కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు కాపలా కాసి పిల్లలను సముద్రంలోకి చేర్చారు. రుషికుల్య, దేవి, ధామ్రా మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా వేటపై నిషేధం ఉంటుంది. దానికి తోడు తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలపు నిషేధం. 2015 నుంచి అది 61 రోజులైంది. ఈ రెండు నిషేధాలూ వర్తించే ఇంజను తెప్పకు రుషికుల్య దగ్గర ఏడున్నర నెలలు సముద్రం మూసినట్టే. వలలో చిక్కిన తాబేలు ఊపిరాడక చస్తుంది, అది తెప్ప వలైనా ట్రాలర్ వలైనా ఒకటే, కాబట్టి మొగ దగ్గర నిషేధం అవసరమే. కానీ ఎక్కువ తాబేళ్ళను చంపే ట్రాలర్‌కు వేరే చోటుకు పోయే శక్తి ఉంది, తెప్పకు లేదు. నియమం ఒకటే అయినా దాని బరువు ఎక్కువగా తెప్ప మీదే పడుతోంది. ట్రాలర్ వలల్లో తాబేలు బయటపడే ఏర్పాటు లేదని అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యను వద్దంది. సరిహద్దు లెక్క ఇక్కడా ఉంది. 2025 నుంచి ఆంధ్రలో వేట నిషేధ కాలానికి కుటుంబానికి 20 వేల రూపాయలు ఇస్తున్నారు. డొంకూరు చుట్టానికి వచ్చే ఆ సాయం సోనాపూర్ చుట్టానికి రాదు. ఇక్కడ ఒడిశా సర్కారు పథకాలు, వాటి షరతులు వేరు.

చేప మళ్ళీ ఇంటి చేతికి రావడానికి దారి వేసింది కూడా ఆడవాళ్ళే. గంజాం తీరంలో పొదుపు సంఘాలు పెట్టుకుని, సావుకారు అప్పు తీర్చేందుకు తమలో తామే డబ్బు కూడేసుకుని, ఎండు చేపలు శుభ్రంగా ఎండబెట్టి ప్యాకెట్లు కట్టి అమ్మారు. అలాంటి సంఘాల సమాఖ్య 'సముద్రం'కు 2010లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఈ కథలో ఏదైనా మలుపు ఉందంటే అది ఇదే. ఫోన్లు, యాప్‌లు తర్వాతి సంగతి.

2018లో చేప పాడవకుండా ఫార్మాలిన్ అనే రసాయనం కలుపుతున్నారన్న వార్తలు దేశమంతా గుప్పుమన్నాయి. సముద్రం ఇంత దగ్గర ఉండి కూడా అప్పట్లో ఒడిశా బజార్లలో అమ్మే చేపలో చాలా భాగం గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల నుంచి లారీల్లో ఐసు పెట్టెల్లో వచ్చేదే. ఎన్నాళ్ళ చేపో తెలియదన్న టెన్షన్ కొనేవాళ్ళకు పట్టుకుంది. 2020 లాక్‌డౌన్‌లో లారీలు ఆగాయి, బజార్లు మూతపడ్డాయి, ఇంటి దగ్గరికే తెచ్చిచ్చే అలవాటు బలపడింది. అదే ఏడాది మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టె ఉన్న బైకులకు సబ్సిడీ ఇచ్చారు, ఆడవాళ్ళకు 60 శాతం దాకా. అంతకు ముందు, 2018-19 బడ్జెట్‌లో, రైతులకు బ్యాంకు అప్పు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డును మత్స్యకారులకూ వర్తింపజేశారు. నా లెక్కలో బైకు కంటే కార్డు ముఖ్యం. సావుకారు పుస్తకంలో పేరున్నన్నాళ్ళూ మంచి చేప ఐసు పెట్టె ఉన్న బైకు దాకా రాదు.

నేరుగా అమ్ముకునే కుటుంబాలకు అసలు పరీక్ష వేట లేని నెలల్లో. ఆర్డర్ ఇచ్చిన ఇంటికి చేప కావాలి, తెప్ప మాత్రం ఒడ్డున బోర్లించి ఉంటుంది. వేరేచోట నుంచి కొని మా వల చేపే అని అమ్మడం తేలిక. "ఇవాళ చేప లేదమ్మా, ఎండు నెత్తళ్ళు ఉన్నాయి, పంపమంటారా?" అని నిజం చెప్పేవాళ్ళకు బేరం తగ్గుతుంది. ఆ రెండు నెలలకు డబ్బు చాలక, వేట మొదలవ్వగానే వలకు, డీజిలుకు మళ్ళీ సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటే, జూన్ 15న సముద్రంలోకి దిగిన తెప్ప తెచ్చే మొదటి వంజరం ఆయన పెట్టెలోకే వెళ్తుంది.