కదలని లోపం: కంప్యూటర్లు బాగుచేసే ఆటల ఆకర్షణ

పగలంతా కార్యాలయంలో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి ఇంటికి చేరి, మళ్లీ కంప్యూటరే తెరిచి, తెరమీద బొమ్మగా కనిపించే మరో కంప్యూటరును విప్పి బాగుచేస్తూ అర్ధరాత్రి దాకా గడిపితే చూసేవాళ్లకు వింతగానే ఉంటుంది. ‘పీసీ బిల్డింగ్ సిమ్యులేటర్’ అనే ఆట సరిగ్గా ఆ పనే చేయిస్తుంది. 2018లో తొలిరూపంలో వచ్చి, 2019 జనవరిలో పూర్తిగా విడుదలైన ఈ ఆటకు 2022లో రెండో భాగం కూడా వచ్చింది. ఇందులో ఆటగాడు ఒక చిన్న మరమ్మతు దుకాణం నడుపుతాడు. ఖాతాదారులు ఈ-మెయిలులో తమ గోడు రాస్తారు. అతడు క్యాబినెట్ తెరిచి, స్క్రూలు విప్పి, చెడిన భాగం మార్చి, వేడి బయటికి పోయేందుకు థర్మల్ పేస్టు పూసి, కేబుళ్లు కలిపి, స్విచ్ నొక్కుతాడు. భాగాల్లో చాలావరకు నిజంగా మార్కెట్లో దొరికే కంపెనీలవే.

చెన్నైలో ఐటీ కొలువులు చేసుకునే మన తెలుగు కుర్రవాళ్లను అడిగితే మొదట చెప్పే కారణం డబ్బు. తెరమీద బొమ్మలను తీర్చే, లక్ష రూపాయలు దాటే గ్రాఫిక్స్ కార్డును మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో అద్దాల వెనక చూసి రావడమే తప్ప కొనలేనివాడు, ఆటలో దాన్ని రెండేసి చొప్పున బిగించగలడు. కారణం నిజమే కాని చాలదు. డబ్బున్నవాళ్లూ ఆడుతున్నారు, కార్డులు సొంతంగా ఉన్నవాళ్లూ ఆడుతున్నారు.

మనస్తత్వ శాస్త్రం మరికొంత చెబుతుంది. మైకేల్ నార్టన్, అతని సహచరులు 2012లో ప్రచురించిన పరిశోధనలో, మనుషులు తమ చేతులతో అమర్చిన పెట్టెలకూ మడిచిన కాగితపు బొమ్మలకూ వాటి యోగ్యతకు మించిన విలువ కడతారని తేలింది. కొన్నవాళ్లే బిగించుకునే ఫర్నిచర్ అమ్మే కంపెనీ పేరుమీద, ఐకియా ప్రభావం అనే పేరుతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. అయితే అందులోనే ఉన్న ఇంకో ఫలితాన్ని చాలామంది పట్టించుకోరు: పని సగంలో ఆగిపోయినా, చేసినదాన్ని తిరిగి విప్పేసినా ఆ మమకారం నిలవలేదు. అంటే శ్రమ ఒక్కటే చాలదు, అది పూర్తి కావాలి. ఆట ఇచ్చే హామీ ఇదే. ఇక్కడ మొదలుపెట్టిన ప్రతి పనికీ ముగింపు ఉంటుంది. నిజమైన దుకాణంలో అలాంటి భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఆట ఇలా సాధ్యపడటానికి కారణం కంప్యూటరు నిర్మాణంలోనే ఉంది. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును ఇతర సంస్థలు తయారుచేసిన భాగాలతో, ఎవరైనా అదనపు కార్డులు తయారుచేసి అమర్చగల పద్ధతిలో రూపొందించింది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం, భాగాలన్నీ అమరే ప్రధాన బోర్డు అయిన మదర్‌బోర్డు కొలతలనూ, స్క్రూ రంధ్రాల చోట్లనూ, విద్యుత్ కనెక్టరునూ స్థిరపరిచింది. తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్ పట్టీ అంచున ఉండే గాటు సరిగ్గా నడిమధ్యన ఉండదు; అందువల్ల తిరగేసి పెడితే అది స్లాటులో దిగదు. తప్పు చేయనివ్వని ఈ ఏర్పాట్లను ఆట తయారీదారులు కొత్తగా కల్పించనక్కర్లేదు, ఇంజనీర్లు ముందే సమకూర్చిపెట్టారు. జిగురుతో అతికించి, ర్యామ్‌నూ నిల్వ చిప్పునూ బోర్డుకు టంకం వేసేసిన సెల్‌ఫోను మీద ఇంత హాయైన ఆట కట్టడం కష్టం.

అసలు రుచి మాత్రం లోపాన్ని వెతకడంలోనే ఉందని నా అభిప్రాయం. తెర వెలగడం లేదు అనుకుందాం. అనుమానితులు చాలా ఉన్నాయి: మానిటర్ కేబుల్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు, అన్నిటికీ కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్. తెలిసినవాడు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోడు. బోర్డుకు చిన్న స్పీకర్ తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేస్తాడు. బీప్ శబ్దం వచ్చిందంటే బోర్డూ ప్రాసెసరూ కనీసం ‘ర్యామ్ లేదు’ అని ఫిర్యాదు చేసే స్థితిలో ఉన్నట్టే. ఒక్క పరీక్షతో అనుమానితుల్లో సగం మంది విడుదలవుతారు. ఆట ఈ ఆలోచనా క్రమాన్ని సులభం చేసి అందిస్తుంది. అందులో చెడిన భాగం చెడినట్టే ఉంటుంది, మంచిది మంచిగానే ఉంటుంది. లోపం పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట ఉండదు.

రిచీ స్ట్రీట్ సందులో మెట్లెక్కి వెళ్లే ఒక చిన్న గదిలో నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆన్ కాని పీసీ తీసుకెళితే, “ముందు ర్యామ్ చూద్దాం సార్, మిగతావి తర్వాత” అని రెండు పక్కలా క్లిప్పులు నొక్కి దాన్ని పైకి తీస్తాడు. బంగారు పూత ఉన్న అంచును పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊది, ఒక్కో చివరా ‘టక్’ మనేదాకా నొక్కుతాడు. చాలాసార్లు అంతటితోనే రోగం కుదురుతుంది. బంగారం తుప్పు పట్టదు కాని ఆ పూత చాలా పలుచన. అందులోని సూక్ష్మ రంధ్రాల గుండా సముద్రపు ఉప్పుగాలిలోని తేమ కింది లోహాన్ని చేరుతుంది, పైన దుమ్మూ చేతి జిడ్డూ పేరుకుంటాయి. నిజానికి తీసి మళ్లీ పెట్టేటప్పుడు జరిగే రాపిడే సగం వైద్యం. రబ్బరు పూతను అరగదీస్తుంది కనుక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలని ఇంజనీర్లు చెబుతారు. ఆయనకూ ఆ సంగతి తెలుసు, సీసా కూడా ఉంది, రబ్బరు చేతికి దగ్గరగా ఉంది, అంతే.

ఇలాంటి లోపమే ఆటలో ఇమడనిది. భాగం చెడలేదు, రెండు భాగాల మధ్య స్పర్శ చెడింది. అంతకంటే మొండిది అప్పుడప్పుడు మాత్రమే కనిపించే లోపం: టంకం అతుకులో సన్నని పగులు వేడికి విచ్చుకుంటుంది, చల్లారితే కలుస్తుంది. మే నెలలో ఖాతాదారు ఇంటి మేడగదిలో ఆగిపోయిన యంత్రం ఏసీ దుకాణంలో గంటలకొద్దీ నిక్షేపంగా నడుస్తుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే లోపలి చిప్పు కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుందన్న లెక్క తెలిసినవాడు మాత్రమే హెయిర్ డ్రయ్యర్ తీసి ఆ ఎండను బల్లమీదే సృష్టించి చూస్తాడు.

చేతికి తెలియవలసినవి కూడా ఆటలో రావు. ప్రాసెసర్ కూర్చునే ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో వెంట్రుకల్లాంటి 1,700 స్ప్రింగు పిన్నులు ఉంటాయి. ప్రాసెసర్ పెట్టి లివర్ దించేటప్పుడు కిర్రుమనే శబ్దానికి కొత్తవాడి గుండె జారుతుంది, అయినా అది సహజమే, అంత బలం కావాల్సిందే. మన చేతి నుంచి స్థిర విద్యుత్తు సుమారు 3,000 వోల్టులు దాటితే తప్ప చురుక్కుమనదు, కొన్ని చిప్పులకు 100 వోల్టులు కూడా ఎక్కువే. చెన్నై ఉక్కపోతకు ఈ ఒక్క విషయంలో కృతజ్ఞతలు చెప్పాలి: తేమగాలిలో స్థిర విద్యుత్తు అంతగా పోగుపడదు.

కాబట్టి ఆటలో ఆరితేరినవాడు భాగాల పేర్లూ, అమర్చే వరుసా, ఏది దేనికి సరిపోతుందన్న లెక్కా నేర్చుకుని బయటికి వస్తాడు. అది తక్కువేమీ కాదు; పాత మదర్‌బోర్డు ఒకటి చవకగా కొనుక్కుని విప్పి బిగిస్తే మిగతాది చేతికి వస్తుంది. ఒక్క ఎస్‌ఎంపీఎస్ విషయంలో మాత్రం బయట కూడా ఆట పద్ధతే పాటించాలి. అక్కడ అది విప్పే వస్తువు కాదు, మొత్తంగా తీసి మార్చే పెట్టె. ఇంట్లోని 230 వోల్టుల ఏసీ కరెంటు ఆ పెట్టె లోపల డీసీగా మారినప్పుడు, విద్యుత్తును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా చేరుతుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంతసేపు అక్కడే ఉండవచ్చు.