శివారు పొలం దాకా ఉత్తరం

చిరంజీవులు మనవడికి, మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. కాలువలకు నీళ్ళు వదిలారు, నారుమళ్ళు పోశాం. పాత శాక్రమెంటోలో గుర్రపు రౌతు విగ్రహం ముందు మీరిద్దరూ నిలబడ్డ ఫొటో చూశాను. దాని కింద చిన్నవాడు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "తాతయ్యా, ఈ గుర్రం ఉత్తరాలు మోసుకుని మిస్సోరీ నుంచి ఇక్కడి దాకా వచ్చిందట. దానికి కాళ్ళు నొప్పి పుట్టలేదా?"

ఒక్క గుర్రమే అంత దూరం వస్తే కాళ్ళు నొప్పి పుట్టడం కాదు, ప్రాణమే పోయేది నాన్నా. పోనీ ఎక్స్‌ప్రెస్ అనే ఆ గుర్రపు తపాలాకు దారి పొడవునా పది పదిహేను మైళ్ళకొక మజిలీ, అక్కడ జీను వేసి సిద్ధంగా మరో గుర్రం ఉండేవి. జీను మీద పరిచే తోలు కప్పు ఒకటి ఉండేది. దానికి నాలుగు మూలలా నాలుగు జేబులు, వాటిలో ఉత్తరాలు. రౌతు దిగగానే ఆ కప్పును లాగి కొత్త గుర్రం మీద వేసి మళ్ళీ ఎక్కేవాడు. అందుకు ఇచ్చిన గడువు రెండు నిమిషాలు. డెబ్భై ఎనభై మైళ్ళు పోయాక రౌతు కూడా మారేవాడు. గుర్రాలూ మనుషులూ మారుతూ ఉంటే తోలు కప్పు మాత్రం సుమారు 1,900 మైళ్ళు దాటి పది రోజుల్లో మీ ఊరు చేరేది. 1860 ఏప్రిల్ 3న మొదలైన ఈ ఏర్పాటు 1861 అక్టోబరులో ఆగిపోయింది. అప్పటికి తంతి తీగలు ఈ చివర నుంచి ఆ చివరకు కలిశాయి. అంటే గుర్రాలు నడిచింది ఏడాదిన్నర. అర ఔన్సు ఉత్తరానికి మొదట్లో అయిదు డాలర్లు పుచ్చుకునేవారు. కూలి చేసుకునేవాడు తల్లికి ఉత్తరం రాసుకోగల ధర కాదది.

కాబట్టి గుర్రాన్ని మెచ్చుకోండి, కానీ అక్కడే ఆగకండి. అమెరికాలో ఉత్తరాల దారులు ఎలా వేశారో తెలియాలంటే మన కాలువ గుర్తు తెచ్చుకోండి. పోయిన సంక్రాంతికి గట్టు మీద గాలిపటాలు ఎగరేశారే, అదే. గోదావరి నీళ్ళు ధవళేశ్వరం దగ్గర పెద్ద కాలువలోకి మళ్ళుతాయి. పెద్ద కాలువ నుంచి పంట కాలువలు, వాటి నుంచి పిల్లకాలువలు, చివరకు మన పొలం గట్టున పారే బోదె. తపాలా దారులూ అంతే. న్యూయార్క్, ఫిలడెల్ఫియా వంటి తూర్పు పట్నాల నుంచి పెద్ద దారి, దానిలోంచి జిల్లా ఊళ్ళకు చిన్న దారులు, అక్కడి నుంచి అడవి అంచున నాలుగు గుడిసెలున్న చోటికి ఒక గుర్రపు బాట.

ఎక్కడెక్కడ దారి వేయాలో నిర్ణయించేది వాళ్ళ పార్లమెంటు, అంటే కాంగ్రెస్. 1792 చట్టం ఆ అధికారాన్ని దాని చేతిలోనే ఉంచింది. కొత్తగా పొలాలు చేసుకుంటున్నవాళ్ళు సంతకాలు పెట్టి, "మా ఊరికి తపాలా దారి కావాలి" అని అర్జీలు పంపేవారు. శివారు రైతులు నీళ్ళ కోసం ఇంజనీరు దగ్గరకు అర్జీ పట్టుకుని వెళ్ళినట్టే. 1790లో ఆ దేశం మొత్తానికి తపాలా కార్యాలయాలు 75. 1860 నాటికి 28,498! దేశం పడమటికి పెరిగిన కొద్దీ ఈ కాలువలూ సాగుతూ పోయాయి.

ఇక్కడ నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. మన పొలం అప్పుడు కాలువకు బాగా దిగువన ఉండేది. ఎగువ వాళ్ళ చేలు తడిశాకే మాకు వంతు వచ్చేది, అదీ అర్ధరాత్రి. నాన్న లాంతరు నా చేతికిచ్చి బోదె పక్కన కూర్చోబెట్టేవాడు. నీళ్ళ కంటే ముందు ఎండుటాకులు, నురగ వచ్చేవి. ఆకులు కదలడం చూసి నేను కేక వేసేవాణ్ణి. నాన్న వంగి అరచెయ్యి బోదెలో ఆనించి నీటి జోరు చూసేవాడు. ఎగువన ఎవరో తూము మూశారని ఆ చేతికే తెలిసిపోయేది. అప్పుడు కాలువ కాపలా ఉండే లస్కరును నిద్ర లేపడానికి పరుగు. లస్కరు మంచివాడైతే శివారు చేను పండుతుంది, కాకపోతే లేదు. కాలువ తవ్వినవాడితో పాటు దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండేవాడు కూడా మంచివాడు కావాలని అప్పుడే నాకు అర్థమైంది. మీరూ ఏ పనికైనా ఒప్పుకుంటే చివరి దాకా కనిపెట్టుకుని ఉండండి.

మళ్ళీ తపాలాకు వద్దాం. శివారుకు నీళ్ళు పంపితే సర్కారుకు వచ్చే శిస్తు తక్కువ, ఖర్చు ఎక్కువ. తపాలాలోనూ అదే లెక్క. 1858లో సెయింట్ లూయిస్, మెంఫిస్ నుంచి ఎల్ పాసో, టూసాన్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కోకు గుర్రపు బండ్ల మీద వారానికి రెండుసార్లు తపాలా మొదలుపెట్టారు. దాదాపు 2,800 మైళ్ళు, 25 రోజుల గడువు. దానికి సర్కారు గుత్తేదారుకు ఏటా ఆరు లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ దారిన వచ్చిన రాబడి అందులో కొద్ది భాగానికే సరిపోయింది. అయినా బండ్లు నడిచాయి. పత్రికలకైతే మొదటి నుంచీ రుసుము చాలా తక్కువ పెట్టారు. నూరు మైళ్ళ లోపు ఒక్క సెంటు, ఆ పైన ఎంత దూరమైనా సెంటున్నర. ఉత్తరం మాత్రం నాలుగు వందల మైళ్ళు దాటితే 25 సెంట్లు. శివారులో ఉన్నవాడికి కూడా రాజధానిలో ఏం జరుగుతోందో తెలియాలని వాళ్ళు పట్టుబట్టారు. నాకు ఆ దేశంలో అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే. 1845 తర్వాత చిన్న దారుల గుత్తలను తక్కువ ధరకు పాడినవాళ్ళకు ఇచ్చారు. గుర్రమా, బండా, నడకా అని అడగలేదు. వేగంగా, తప్పకుండా, భద్రంగా చేరిస్తే చాలన్నారు. ప్రతి పద్దులోనూ ఈ మూడు మాటలు రాయలేక గుమాస్తాలు మూడు నక్షత్రాల గుర్తులు వేసేవారు. అందుకే వాటికి నక్షత్రపు దారులని పేరు.

పిల్లలూ, కాలువ తవ్వినప్పుడు ఎవరి భూమో పోతుంది. ఆ దారులు కూడా పైయూట్, షోషోన్ వంటి అక్కడి ఆదివాసీ జాతుల నేలల మీదుగా, వాళ్ళ నీటి చెలమల పక్కగా పోయాయి. 1860లో పైయూట్లతో యుద్ధం జరిగినప్పుడు గుర్రపు తపాలా కొన్ని వారాలు నిలిచిపోయింది. ఇంకొక చెడ్డ నియమం. 1802 నుంచి 1865 దాకా తెల్లవారు తప్ప మరెవరూ తపాలా మోయకూడదని చట్టమే ఉంది. అది రద్దయిన ముప్ఫై ఏళ్ళకు, 1895లో, మోంటానాలో ఒక నక్షత్రపు దారిని మేరీ ఫీల్డ్స్ అనే నల్లజాతి స్త్రీకి అప్పగించారు. బానిసగా పుట్టిన మనిషి, అప్పటికి అరవై దాటిన వయసు. మంచులో గుర్రాలు కదలకపోతే సంచులు భుజాన వేసుకుని నడిచేదట.

మీకు దగ్గర్లోనే ఇంకొకాయన ఉండేవాడు. మీ ఊరి నుంచి తూర్పుకు కారులో గంట దూరంలో ప్లాసర్‌విల్ ఉంది కదా. అక్కడి నుంచి సియెర్రా నెవాడా కొండలు దాటి నెవాడాలోని జెనోవా అనే ఊరికి తొంభై మైళ్ళు. చలికాలంలో మంచు పడితే ఆ కొండల అవతలి వాళ్ళకు బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయేది. నార్వేలో పుట్టిన జాన్ థామ్సన్ అనే రైతు 1856లో పొడవాటి చెక్క పలకలు రెండు చేసుకుని, ఒక్కొక్కటి పాదానికి కట్టుకుని, చేత ఒక కర్ర పట్టుకుని బయలుదేరాడు. వీపున పాతిక కిలోలకు తగ్గని సంచి. వెళ్ళడానికి మూడు రోజులు, తిరిగి రావడానికి రెండు. దుప్పటి కూడా పెట్టుకునేవాడు కాదు, ఆ బరువు బదులు ఇంకొన్ని ఉత్తరాలు పడతాయని. ఇలా ఇరవై చలికాలాలు. సర్కారు ఆయనకు జీతం ఇవ్వనే లేదు. వాషింగ్టన్ దాకా వెళ్ళి అడిగినా రాలేదు. ఎందుకు మోశాడు అని నేను చాలాసార్లు ఆలోచించాను. జవాబు చెప్పలేను. కొండ అవతల ఒక తల్లి కొడుకు ఉత్తరం కోసం చూస్తూ ఉంటుందని తెలిసిన మనిషి ఇంట్లో కూర్చోలేకపోయాడేమో. అలాంటి మనుషులు ఉంటారు, అంతే.

తర్వాత 1869లో రైలు పట్టాలు ఈ తీరాన్నీ ఆ తీరాన్నీ కలిపాయి. నడుస్తున్న రైలు పెట్టెలోనే గుమాస్తాలు నిలబడి ఊరూరికీ ఉత్తరాలు విడదీసేవారు. ఆ కథ మరోసారి రాస్తాను.

ఇప్పుడు మీకొక పని. అరిజోనా మ్యాపు తెరిచి గ్రాండ్ కాన్యన్ పక్కన సుపాయ్ అనే ఊరు వెతకండి. హవసుపాయ్ జాతి వాళ్ళ ఊరది, లోయ అడుగున ఉంటుంది. అక్కడికి కారు వెళ్ళదు. రోడ్డు ఎనిమిది మైళ్ళ ముందే కొండ కొమ్మున ఆగిపోతుంది. ఉత్తరాలు ఇప్పటికీ కంచరగాడిదల మీదే దిగుతాయి. రోడ్డు ఆగిన చోట వేలు పెట్టి, అక్కడి నుంచి ఆ గాడిదలు ఏ మలుపులు తిరిగి కిందికి చేరతాయో కాగితం మీద గీయండి. అక్క మలుపులు గీస్తుంది, తమ్ముడు గాడిదలు గీస్తాడు. గీసిన కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పంపకండి. కవరులో పెట్టి, బిళ్ళ అంటించి తపాలాలో వేయండి.

ఇట్లు,
మీ తాతయ్య