గరుకు రాయికి భయపడకండి: కత్తి సాన గురించి అపోహలు - వాస్తవాలు

కర్రీ పాయింట్లు, మెస్సులు, క్యాటరింగ్ వంటశాలల కత్తులకు సాన పట్టడం నా పని. ఇళ్ల నుంచి కూడా కత్తులు వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం సాన పట్టక పాడైనవి కావు, సగం పట్టి వదిలేసినవి. ఎందుకు వదిలేశారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: సాన రాయి గరుకు వైపు పెడితే కత్తి అరిగిపోతుందేమోనని భయం. కాబట్టి ముందు దాని గురించే చెప్పాలి.

అపోహ: గరుకు రాయి కత్తిని తినేస్తుంది. నున్న రాయి మీదే పట్టాలి.

పోయిన నెల ఒకావిడ న్యూస్‌పేపర్లో చుట్టి కత్తి తెచ్చారు. "వెయ్యి నంబరు రాయి కొన్నానండీ, రోజూ పావుగంట రుద్దుతున్నా, టమాటా మాత్రం తెగట్లేదు" అన్నారు. (రాయి నంబరు పెరిగే కొద్దీ రేణువు చిన్నది, రాయి నున్న.) కత్తిని ట్యూబ్‌లైట్ కింద వాదర, అంటే కోసే అంచు, పైకి వచ్చేలా పట్టుకుని చూపించాను. పిడి దగ్గర్నుంచి మొన దాకా సన్నటి తెల్లటి గీత మెరుస్తోంది. మొండి వాదర అంటే అదే. కొన చదునుగా అరిగిపోయింది కాబట్టి వెలుగు దాని మీద పడి మెరుస్తుంది. పదునున్న కత్తిని అలా పట్టుకుంటే గీత కనపడదు, వెలుగు నిలవడానికి అక్కడ చోటే ఉండదు.

తర్వాత వాదర పక్క వాలు మీద మార్కర్‌తో నల్లగా పూసి, ఆవిడ రాయి మీద ఆవిడనే రెండుసార్లు రుద్దమన్నాను. నలుపు పై భాగంలో పోయింది, వాదర దగ్గర చెక్కుచెదరలేదు. అంటే ఇన్ని రోజులూ రాయి వాదరను తాకనే లేదు. వాలు పై భాగం మాత్రం నున్నగా అద్దంలా తయారైంది.

కత్తికి పదును రావాలంటే రెండు పక్కల వాలులూ కొన దగ్గర కలవాలి. అవి కలవడానికి మధ్యలో అడ్డంగా ఉన్న లోహం పోవాలి, ఇంకో దారి లేదు. జపాన్ లెక్కలో వెయ్యి నంబరు రాయిలో రేణువు సుమారు 15 మైక్రాన్లు ఉంటుంది. 220 నంబరులో దానికి నాలుగైదు రెట్లు, ఇంచుమించు తలవెంట్రుక మందం. బాగా మొండిపోయిన కత్తిని వెయ్యి మీద అరగంట రుద్దినా రానిది, 220 మీద ఐదారు నిమిషాల్లో వస్తుంది. నున్న రాయి మీద గంటలు గంటలు రుద్దితే చేయి అలసిపోయి కోణం తప్పుతుంది, వాదర గుండ్రంగా అవుతుంది. నా చేతికి వచ్చే కత్తుల్లో ఎక్కువగా కనిపించే రోగం ఇదే.

మరి ఎక్కడ ఆపాలి? ఒక పక్క రుద్దుతూ ఉంటే కాసేపటికి అవతలి పక్క వాదర పొడవునా సన్నటి లోహపు పొర మడత పడినట్టు లేస్తుంది. మేం దాన్ని బర్రు అంటాం. కంటికి సరిగ్గా కనపడదు, వేలికి తెలుస్తుంది. బొటనవేలిని కత్తి వీపు వైపు నుంచి వాదర బయటికి నెమ్మదిగా జార్చండి, వాదర పొడవునా మాత్రం ఎప్పుడూ జరపొద్దు. గోరు మీద చిన్న చెక్క గుచ్చినట్టు గరగరలాడితే బర్రు వచ్చినట్టే. పిడి దగ్గర వచ్చి మొన దగ్గర రాకపోతే మొన దగ్గర ఇంకాస్త రుద్దాలి. పొడవునా వచ్చాక కత్తి తిప్పి రెండో పక్క కూడా అలాగే. రెండు పక్కలా బర్రు వచ్చాక గరుకు రాయి పని అయిపోయింది. అప్పుడు కూడా ఆపకుండా రుద్దితే కత్తి అరిగేది నిజమే, తప్పు రాయిది కాదు.

ఇంట్లో రోజూ వాడే కత్తికి గరుకు రాయి ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. మధ్యలో పదును తగ్గినట్టు అనిపించినప్పుడు వెయ్యి మీద పది పన్నెండు రుద్దులు సరిపోతాయి. వాదరకు గంట్లు పడితే మాత్రం నేరుగా గరుకు రాయికే వెళ్లాలి.

కోణం గురించి ఒక కొలత చెప్తాను, ఇది చాలామందికి పనికొచ్చింది. వీపు నుంచి వాదర దాకా 4 సెంటీమీటర్ల వెడల్పున్న కత్తిని రాయి మీద పెట్టి వీపును ఒక సెంటీమీటరు లేపితే దాదాపు 15 డిగ్రీలు. 14 మిల్లీమీటర్లు లేపితే 20. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న చాకైతే ఇందులో సగం. మన దగ్గర దొరికే మామూలు స్టెయిన్‌లెస్ కత్తులు కాస్త మెత్తటి స్టీలు, వాటికి 20 దగ్గర పెడితే పదును ఎక్కువ రోజులు నిలబడుతుంది.

అపోహ: నంబరు పెరిగే కొద్దీ పదును పెరుగుతుంది.

నంబరు పెరిగితే నునుపు పెరుగుతుంది. నునుపు, పదును ఒకటి కావు. టమాటా తోలు, వంకాయ తోలు జారుడుగా ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి వాదరకు కంటికి కనపడని చిన్న పళ్లు ఉండాలి, ఆ పళ్లు గరుకు రాయి ఇచ్చేవే. ఎనిమిది వేల నంబరు దాకా తీసుకెళ్లి మెరిపించిన కత్తి పచ్చి చేపను పల్చటి ముక్కలుగా కోసే జపాన్ వంటకు బాగుంటుంది. మన ఇంట్లో ఉల్లిపాయలు, బెండకాయలు, చికెన్ కోసే కత్తికి వెయ్యి దాటాల్సిన పని లేదన్నది నా అభిప్రాయం. కొన్ని మెస్సుల కత్తులను నేను 400 దగ్గరే ఆపి, బర్రు తీసేసి ఇచ్చేస్తాను. వాళ్లకు అదే నచ్చుతుంది.

బర్రు తీయడం మాత్రం మర్చిపోకూడదు. చివర్లో చేతి బరువు మొత్తం తీసేసి, కత్తి బరువుతోనే ఒక పక్క ఒకసారి, ఇంకో పక్క ఒకసారి, అలా ఏడెనిమిది సార్లు. బర్రు మిగిలిపోయిన కత్తి మొదటి రోజు బ్లేడులా ఉంటుంది, మూడో రోజుకి మొండిపోతుంది. "మీరు పట్టిన సాన నిలబడలేదండీ" అనే మాట మొదట్లో నేనూ విన్నాను. నా కారణం అదే.

అపోహ: ఖరీదైన జపాన్ రాయి ఉంటేనే కుదురుతుంది.

హార్డ్‌వేర్ షాపులో కార్బొరండం రాయి అని అడిగితే ఇచ్చేది సిలికాన్ కార్బైడ్. అమెరికాలో ఎడ్వర్డ్ యాచిసన్ 1893లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కాఠిన్యంలో వజ్రానికి కాస్త కింద ఉంటుంది, వంటింటి కత్తి ఏదైనా దీనికి మెత్తనే. ఒక వైపు గరుకు, ఒక వైపు నున్న ఉండే ఆ రాయితో మామూలు కత్తికి చక్కటి పదును వస్తుంది. ఒకటే గుర్తుంచుకోండి, చాలా వాటిలో 'నున్న' వైపు కూడా జపాన్ వెయ్యి నంబరు కంటే గరుకే. అందుకని చివరి రుద్దుల్లో చేయి తేలిగ్గా ఉండాలి.

దాని మీద నీళ్లా, నూనా అని అడుగుతారు. నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. ద్రవం పని అరిగిన లోహపు పొడి రాయి రంధ్రాల్లో ఇరుక్కోకుండా తేల్చడం. వంటనూనె మాత్రం వద్దు, కొన్నాళ్లకు జిగురై రాయిని మూసేస్తుంది.

అపోహ: గుమ్మం ముందు బండ మీద నాలుగుసార్లు రుద్దితే చాలు.

ఆ బండ కడప రాయి అయితే, అది ప్రధానంగా సున్నపురాయి, కత్తి స్టీలు కంటే మెత్తన. దాని మీద రుద్దితే వంగిన వాదర కాస్త నిటారు కావచ్చు, కొత్త వాదర మాత్రం పుట్టదు. ఇంట్లో సాన రాయి లేనప్పుడు పింగాణీ కప్పు అడుగున గ్లేజు లేని వలయం దీనికంటే వెయ్యి రెట్లు నయం. ఇక గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్లెంలో కూరగాయలు కోయడం ఎంత మంచి సాననైనా వారంలో పోగొడుతుంది. చెక్క పలక వాడండి.

అపోహ: మోటారు చక్రం మీద పడితేనే అసలైన సాన.

చక్రం తప్పు కాదు. చేతి ఒడుపు ఉన్నవాళ్లు దాని మీదే అద్భుతంగా పడతారు, నాకు ఈ పనిలో మొదట మెళకువలు చెప్పింది అలాంటి పెద్దాయనే. సమస్య వేడి. పొడి చక్రం మీద పల్చటి వాదర క్షణాల్లో వేడెక్కుతుంది. నీలం రంగు కనిపించిందంటే అక్కడ స్టీలు 300 డిగ్రీల దగ్గరికి వెళ్లినట్టు. ఆ చోట స్టీలు మెత్తబడుతుంది, ఇక ఎంత సాన పట్టినా నిలవదు, ఆ భాగం అరగదీసి పారేయాల్సిందే. ఆ పెద్దాయన ప్రతి రుద్దుకూ కత్తిని నీళ్ల డబ్బాలో ముంచేవారు. తడి రాయి మీద చేత్తో పడితే ఈ టెన్షన్ లేదు.

కత్తిపీట విషయంలో ఒక మాట. దాని అలుగు వంపుగా, పీటకు బిగించి ఉంటుంది కాబట్టి కత్తిని రాయి మీదికి తేలేం, రాయినే అలుగు మీదికి తీసుకెళ్లాలి. పీటను కాలితో గట్టిగా తొక్కిపట్టి, చిన్న రాయి ముక్కను అడుగు నుంచి మొన వైపు, వాదరకు వీపు పక్క నుంచే వేళ్లు ఉంచి జరపాలి. తర్వాత తుడిచి రెండు చుక్కల నూనె రాయండి, పాత ఇనుప అలుగుకు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

పదునైన కత్తి ఇంట్లో ఉంటే ప్రమాదమని దాన్ని కావాలనే మొండిగా ఉంచేవాళ్లున్నారు. టమాటా తోలు మీద జారి వేలి మీదకి వచ్చేది మొండి కత్తే, ఎందుకంటే దాన్ని బలంగా నొక్కాలి. పిల్లలకు అందకుండా పెట్టడం వేరే విషయం.

చివరగా రాయి గురించి. గరుకు రాయి మధ్యలో త్వరగా గుంట పడుతుంది, గుంట పడ్డ రాయి మీద కోణం నిలవదు. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గాజు పలక మీద పరిచిన 80 నంబరు వాటర్ పేపర్ మీద నీళ్లు పోసి రుద్దండి. మధ్యలో గీతలు మిగిలితే గుంట ఇంకా ఉన్నట్టు. అన్ని గీతలూ పోయేదాకా రుద్దాలి. నేను నాలుగైదు కత్తులకు ఒకసారి చేస్తాను, ఇంట్లో వాడే రాయికి ఏడాదికోసారి చాలు.