మొదటి దెబ్బ ఎవరిది? గోదావరి గట్టు నుంచి విదేశీ వార్తల కథ

1907 మే నెలాఖరు. బిపిన్ చంద్ర పాల్ వచ్చి ప్రసంగించి వెళ్లిన వేడి ఇంకా చల్లారలేదు. కాకినాడలో ఒక కుర్రాడు వందేమాతరం అని అరిచాడు. జిల్లా వైద్యాధికారి కెంప్ దొర అతణ్ణి పట్టుకుని కొట్టాడు. సంగతి తెలిసిన జనం దొరల క్లబ్బు మీద పడ్డారు. తర్వాత అరెస్టులు, కేసులు. ఈ సంఘటనకు చరిత్రలో మిగిలిన పేరు 'కాకినాడ దొమ్మీ'. ఆ పేరు క్లబ్బు దగ్గర మొదలవుతుంది. కుర్రాడు తిన్న దెబ్బలు అందులో లేవు.

విదేశీ వార్తల్లో పక్షపాతం అనగానే అబద్ధాలు రాస్తారనే అనుకుంటాం. అంతకంటే ఎక్కువ నష్టం చేసేది కథను ఎక్కడ ఎత్తుకున్నారన్నది. రాసిన ప్రతి ముక్కా నిజమే అయినా, మొదటి దెబ్బ వదిలేసి రెండోదాని దగ్గర ఎత్తుకుంటే తిరగబడ్డవాడే నేరస్తుడిగా కనిపిస్తాడు.

ఈ అలవాటు వెనక వ్యాపారం కూడా ఉంది. 1870లో బ్రిటన్ రాయిటర్స్, ఫ్రాన్స్ హవాస్, జర్మనీ వోల్ఫ్ వార్తా ఏజెన్సీలు ప్రపంచ వార్తల్ని వాటాలు వేసుకున్నాయి. బ్రిటిష్ సామ్రాజ్యమంతా రాయిటర్స్ వంతు. అదే ఏడాది సముద్రం అడుగు నుంచి కేబుల్ బొంబాయి చేరింది. టెలిగ్రాంకు మాటకింత అని డబ్బు కట్టాలి. అలాంటప్పుడు ఎవరు చచ్చారు, ఏది తగలబడింది అన్నది ముందు వెళ్తుంది. ఎందుకు అన్నది ఇక్కడే ఆగిపోతుంది. మన్యంలో పోడు మీద ఆంక్షలు పెట్టారు, రోడ్డు పనికి సరిగా కూలి ఇవ్వలేదు. ఆ కడుపుమంట నుంచి 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటం పుట్టింది. దొరల కాగితాల్లో అది 'ఫితూరీ', అంటే తిరుగుబాటు. అంతే.

1965లో నార్వే పరిశోధకులు యోహాన్ గాల్టుంగ్, మారి రూగె నాలుగు నార్వే పత్రికలు ముందేసుకుని కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాల వార్తల్ని పరిశీలించారు. పెద్ద దేశాలకు, పెద్ద మనుషులకు, పాఠకుడి సంస్కృతికి దగ్గరైనవాళ్లకు జరిగితేనే అది తేలిగ్గా వార్త అవుతుందని వివరించారు. ఏ అగ్రరాజ్యం పక్కనా చేరని అలీన దేశాలు 1970లలో వార్తలు పంచుకోవడానికి సొంతంగా ఒక పూల్ పెట్టుకున్నాయి. వార్తల ప్రవాహంలో ఈ అసమానత మీద 1980లో యునెస్కోకు మెక్‌బ్రైడ్ కమిషన్ నివేదిక ఇచ్చింది. అమెరికా, బ్రిటన్ ఆ తర్వాత కొన్నేళ్లకే యునెస్కో నుంచి బయటికి వెళ్లిపోయాయి.

గాల్టుంగ్ చెప్పింది కోనసీమకు పుస్తకం చదవకుండానే అర్థమైంది, 1990లో. ఆగస్టు 2న ఇరాక్ పాలకుడు సద్దాం సైన్యం కువైట్‌లోకి చొరబడింది. రాజోలు వైపు నుంచి, గోదావరి అవతలి నరసాపురం వైపు నుంచి ఇంటిపనికీ డ్రైవింగుకూ వెళ్లినవాళ్లు అక్కడ చిక్కుకుపోయారు. ఇక్కడ ఇళ్లల్లో ఒకటే టెన్షన్. ఆ నెలలో ప్రపంచమంతా చూసిన దృశ్యం, సద్దాం బందీగా ఉన్న ఒక బ్రిటిష్ పిల్లాడి తల నిమరడం. కువైట్ నుంచి పారిపోయి జోర్డాన్ ఎడారి గుడారాల్లో నీళ్ల కోసం నిలబడ్డ ఆసియా పనివాళ్లలో ఒక్కరి ముఖమైనా అలా గుర్తుండిపోయిందా? సుమారు 1,70,000 మంది భారతీయుల్ని ప్రధానంగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చారు. మన ఆడవాళ్లు ఆ అంకెలో కలిసిపోయారు.

ఆ ఏడాది అక్టోబరులోనే నయీరా అనే పదిహేనేళ్ల అమ్మాయి వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల ముందు ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసిపిల్లల్ని తీసి నేలమీద వదిలేశారని. అది టీవీల్లో పదేపదే వచ్చింది, యుద్ధానికి ఊపునిచ్చింది. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, సాక్ష్యం వెనక డబ్బు తీసుకుని ప్రచారం చేసిపెట్టే ఒక పీఆర్ కంపెనీ ఉందని 1992లో గానీ బయటపడలేదు. ఆ కథకు ఆధారాలు దొరకలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లో చేసిన నిజమైన దారుణాలను కూడా జనం అనుమానించేలా చేసింది ఈ కథ. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మాటల ఎంపిక ఇంకో సమస్య. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, తన సొంత మాటగా 'టెర్రరిస్ట్' అని రాయబోమని రాయిటర్స్ నిలబడితే విమర్శలు వచ్చాయి. మన దగ్గర మిలిటెంట్, గన్‌మన్, ఇన్సర్జెంట్ (సాయుధుడు, తుపాకీ మనిషి, తిరుగుబాటుదారు) మూడూ తెలుగు డెస్కు దాటేసరికి చాలాసార్లు ఒకే 'ఉగ్రవాది' అయిపోతాయి. ఈ తప్పు విదేశాలది కాదు, మనదే.

2022 మే 24న అమలాపురం తగలబడింది. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దన్న ఆందోళనలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. మంటల వీడియోలు మాత్రం దేశాలు దాటిపోయాయి. ఆ పేరు కావాలని అడిగినవాళ్లెవరో, ఎందుకడిగారో ఆ వీడియోల్లో ఉండదు. మా వీధి నుంచి కువైట్ వెళ్లిన ఒకామెకు వాట్సాప్ కలవలేదు. మామూలు ఫోన్ చేసి, మన పేట ఉందా పోయిందా అని వాళ్లమ్మను అడిగింది. అంతకు ముప్పై రెండేళ్ల ముందు ఆ తల్లి కువైట్‌లో ఉంటే, ఇక్కడ ఆమె ఇంట్లోవాళ్లు రేడియో ముందు కూర్చుని సరిగ్గా ఇదే అడిగారు.