ఎక్కడి నుంచి కొలిచారు, దేనితో పోల్చారు?

ప్రపంచంలో ఎత్తైన పర్వతం ఎవరెస్ట్ అని ఒకరంటారు. కాదు, చింబొరాజో అని ఇంకొకరు. మౌనా కియా అని మూడోవారు. ఎంతసేపు వాదించుకున్నా ఈ తగువు తేలదు, ఎందుకంటే ముగ్గురి దగ్గరా సరైన లెక్కే ఉంది. సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్ట్‌దే పైచేయి: 8,848.86 మీటర్లు. కానీ భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ధ్రువాల దగ్గరికంటే సుమారు 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ రేఖకు చేరువలో, ఈక్వడార్‌లో ఉన్న చింబొరాజో ఎత్తు 6,263 మీటర్లే అయినా, భూకేంద్రం నుంచి చూస్తే దాని శిఖరం ఎవరెస్ట్ శిఖరంకంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటుంది. హవాయిలోని మౌనా కియా సముద్రంపైన కనిపించేది 4,207 మీటర్లే. సముద్రగర్భంలోని పాదం నుంచి లెక్కిస్తే 10,000 మీటర్లు దాటుతుంది.

అయితే ప్రతి సవరణా అవసరమైనది కాదు. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుందని ఎవరైనా అంటే, గాలి పీడనం సరిగ్గా ఒక బార్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) అయితే 99.6 అని అడ్డుతగలడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అదే మాట ఎత్తైన పర్వతాల మీద వంట గురించి అంటే మాత్రం సరిదిద్దాలి. ఎవరెస్ట్ శిఖరం మీద నీరు దాదాపు 70 డిగ్రీలకే మరుగుతుంది, వంట సమయం అంతా మారిపోతుంది. సవరించాక ముగింపు మారుతుందా లేదా అన్నదే మా దృష్టిలో గీటురాయి.

ముగింపు పూర్తిగా తలకిందులైన సందర్భం 2015 నాటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న మొదటి వర్గంలోనే చేర్చింది. రెండూ సమానంగా ప్రమాదకరమన్న మాట వెంటనే పాకిపోయింది. ఆ వర్గీకరణ చెప్పేది క్యాన్సర్ కలిగిస్తుందనడానికి ఆధారం ఎంత గట్టిదో మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్న అంకెదీ అదే కథ. నూటికి 18 మందికి జబ్బు వస్తుందని చాలామంది చదువుకున్నారు. జీవితకాలంలో నూటికి ఐదుగురికి వచ్చే జబ్బు అనుకుంటే, 18 శాతం పెరిగాక అది 5.9 అవుతుంది. అంటే వందమందిలో సుమారు ఒకరు అదనం. ఇది తీసిపారేయాల్సిన ముప్పు కాదు, అలాగని బెంబేలెత్తాల్సిందీ కాదు.

శాతాల తగువుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒక రేటు 4 శాతం నుంచి 5 శాతానికి చేరితే, పెరిగింది ఒక శాతం పాయింటు. మొదటి రేటుతో పోలిస్తే 25 శాతం. ఎవరికి ఏది అనుకూలమో వాళ్లు దాన్నే ఎత్తి చూపుతారు, రెండూ నిజమే కాబట్టి అబద్ధమనీ అనలేం.

అందుకే ఎదుటివారి మాటను తప్పు అనేముందు, అందులో రాయని షరతును మీరే చేర్చి తిరిగి వినిపించండి: “సముద్రమట్టం నుంచి కొలిస్తే అనేనా మీ ఉద్దేశం?” అవునంటే వాదించడానికి ఏమీ మిగలదు. కాదంటే అసలు విభేదం ఎక్కడుందో బయటపడుతుంది. శాతం కనిపిస్తే ముందు మూల సంఖ్య అడగండి. అది ఇవ్వలేకపోతే ఆ పెరుగుదల చిన్నదో పెద్దదో చెప్పినవారికీ తెలియదన్నమాటే.